పదో తరగతి పూర్తయిన అబ్బాయి, 800 మీటర్ల పరుగు: పోటీలు లేని వేసవి నెలల్లో శిక్షణ ఎలా ఉండాలి?

ఖమ్మం నాన్న (ఏప్రిల్ 9)

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈమధ్యే పదో తరగతి పరీక్షలు రాశాడు. వయసు పదిహేను నిండి పదహారు నడుస్తోంది. నిరుడు పాఠశాల క్రీడల్లో 800 మీటర్ల పరుగులో జిల్లా నుంచి రాష్ట్ర స్థాయికి ఎంపికయ్యాడు గాని అక్కడ ఫైనల్‌కు చేరలేదు. ఇప్పటివరకు అతని మెరుగైన టైమింగ్ 800 మీటర్లకు 2 నిమిషాల 9 సెకన్లు, 1500 మీటర్లకు 4 నిమిషాల 32 సెకన్లు. రాష్ట్ర పోటీల్లో 800లో మొదటి రౌండును, అంటే ట్రాక్ చుట్టూ మొదటి 400 మీటర్లను, 59 సెకన్లలో ముగించి అందరికన్నా ముందున్నాడు. రెండో రౌండుకు 70 సెకన్లు పట్టింది. చివరి 150 మీటర్లలో భుజాలు పైకి బిగుసుకుపోయి, తల వెనక్కి వాలిపోయి, అడుగు ముందుకు పడడమే కష్టమైంది.

వాడికి నేర్పిన వ్యాయామ ఉపాధ్యాయుడు బదిలీ మీద వెళ్లిపోయారు. ప్రస్తుతం మా మండల కేంద్రంలోని మైదానంలో కానిస్టేబుల్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్న యువకులతో కలిసి రోజూ ఉదయం టైమ్ పెట్టుకుని 1600 మీటర్లు పరుగెత్తుతున్నాడు. మళ్లీ పోటీలు మొదలయ్యేసరికి ఆగస్టు వస్తుంది. ఈ నాలుగు నెలలు ఇలాగే కొనసాగించాలా, పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలా, లేక వేరే పద్ధతి ఏదైనా ఉందా? నాకు క్రీడల నేపథ్యం లేదు. పిల్లవాడికి మాత్రం పరుగు తప్ప వేరే ధ్యాస లేదు. తెలిసినవారు వివరంగా చెబితే రుణపడి ఉంటాను.

విశ్రాంత పీడీ (ఫిజికల్ డైరెక్టర్), హనుమకొండ (ఏప్రిల్ 9)

మీరు 59, 70 అని రెండు రౌండ్లూ విడివిడిగా రాయడం వల్ల సగం సమాధానం మీ ప్రశ్నలోనే దొరికింది. 800 మీటర్లను చాలామంది కాస్త పొడవైన స్ప్రింట్ అనుకుంటారు. నిజానికి ఆ రెండు నిమిషాల పరుగుకు కావలసిన శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ఆక్సిజన్ సాయంతో తయారయ్యేదే. 1500 మీటర్లకు వచ్చేసరికి ఆ వాటా ఎనభై శాతం దాటుతుంది. మీ అబ్బాయికి వేగం ఉంది. ఆ వేగాన్ని చివరిదాకా నిలబెట్టే దమ్ము ఇంకా తయారు కాలేదు. దాన్ని తయారుచేసుకోవడానికి పోటీలు లేని ఈ నెలలే తగిన సమయం, ఎందుకంటే పోటీల మధ్యలో ఆ పని చేయడానికి వ్యవధి దొరకదు.

రోజూ టైమ్ పెట్టుకుని 1600 పరుగెత్తడం ఈ పనికి ఉపయోగపడదని గట్టిగా చెప్పదలచుకున్నాను. తెలంగాణలో గత కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల గడువు 7 నిమిషాల 15 సెకన్లు. ఆ యువకులకు ఆ ఒక్క రోజు ఆ ఒక్క గీత దాటడమే లక్ష్యం కనుక వారి సాధన వారికి సరిపోవచ్చు. 1500ను 4:32లో ముగించే పిల్లవాడు 1600ను ఐదు నిమిషాల లోపే ముగించగలడు. అంటే అక్కడ అతనికి సాటి ఎవరూ లేరు, రోజూ తనతోనే పోటీ పడుతున్నాడు. రోజూ పోటీలాంటి పరుగు పరుగెత్తే శరీరానికి కోలుకునే అవకాశం ఉండదు. కొన్ని వారాలు టైమింగ్ తగ్గుతుంది, తరువాత ఎంత కష్టపడినా అక్కడే ఆగిపోతుంది.

ముందుగా రెండు వారాలు పరుగు ఆపించండి. అంటే మంచం మీద కూర్చోబెట్టమని కాదు. ఈత వస్తే ఈత కొట్టనివ్వండి, సైకిల్ తొక్కనివ్వండి, స్నేహితులతో వాలీబాల్ ఆడుకోనివ్వండి. ఏప్రిల్ చివరి వారంలో మళ్లీ మొదలుపెట్టి వారానికి నాలుగు రోజులు, రోజుకు ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తించండి. నెమ్మది అంటే ఎంత అని అడుగుతారు. పక్కన పరుగెత్తేవారితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మీ అబ్బాయి టైమింగులను బట్టి చూస్తే అది కిలోమీటరుకు ఐదున్నర నుంచి ఆరు నిమిషాల మధ్య ఉంటుంది. ఈ వేగం అతనికి నామోషీగా అనిపిస్తుంది. అయినా అదే చేయించండి. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగో వారం కాస్త తగ్గించి, ఆ క్రమంలోనే జూన్ చివరికి వారానికి ఐదు రోజులు, మొత్తం ముప్పై నుంచి ముప్పై ఐదు కిలోమీటర్ల దగ్గరికి తీసుకురండి. ఈ వయసులో అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

నెల్లూరు కోచ్ (ఏప్రిల్ 10)

మాస్టారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను గాని రెండు విషయాల్లో నా అభిప్రాయం వేరు.

ఒకటి, 59–70 అనేది దమ్ముకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు, మొదటి రౌండులో తీసుకున్న నిర్ణయానికి సంబంధించినది కూడా. 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్‌లో డేవిడ్ రుడిషా 1 నిమిషం 40.91 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు మొదటి 400ను 49.28లో దాటాడు. అంటే రెండో రౌండుకు అతనికి పట్టింది 51.63. మొదటి నుంచీ ముందుండి, ఎవరి సాయమూ లేకుండా పరుగెత్తిన మనిషికే రెండు రౌండ్ల మధ్య తేడా రెండున్నర సెకన్లు దాటలేదు. మీ పిల్లవాడికి పదకొండు సెకన్లు ఉంది. అతని 400 మీటర్ల టైమింగ్ ఎంతో చెప్పండి, అప్పుడు మిగతాది మాట్లాడుకుందాం.

రెండు, పోటీలు లేవు కదా అని వేగాన్ని నాలుగు నెలలు అటకెక్కించడం నాకు సమ్మతం కాదు. పదిహేను, పదహారేళ్ల వయసులో నాడీ వ్యవస్థ వేగాన్ని బాగా నేర్చుకుంటుంది. వారానికి రెండుసార్లు, నెమ్మది పరుగు ముగిసిన తరువాత, 80 నుంచి 100 మీటర్ల దూరాన్ని నాలుగైదుసార్లు సాఫీగా, బిగుసుకోకుండా, పూర్తి బలం పెట్టకుండా పరుగెత్తించాలి. మధ్యలో నడుచుకుంటూ వెనక్కి రావాలి. దీన్నే మేము స్ట్రైడ్స్ అంటాం. వారానికి ఒకసారి చెరువు కట్ట ఎక్కే దారిలాంటి ఏటవాలు మీద ఎనిమిది నుంచి పది సెకన్ల పరుగులు ఆరు చేయించాలి. ఎత్తు మీదికి పరుగెత్తేటప్పుడు పాదం నేలను తాకే దెబ్బ తక్కువ, తొడలకు పని ఎక్కువ, పైగా మోకాలు ఎత్తడం దానంతట అదే వస్తుంది. ప్రతి పరుగుకూ మధ్య ఊపిరి పూర్తిగా కుదుటపడేదాకా ఆగాలి. ఆయాసపడుతూ చేస్తే అది వేగ సాధన కాదు.

ఖమ్మం నాన్న (ఏప్రిల్ 10)

ఇద్దరికీ ధన్యవాదాలు. 400 మీటర్లకు అతని మెరుగైన టైమింగ్ 56.8 సెకన్లు, అది మట్టి మైదానంలో చేసినది. ఇంకో సంగతి మొదట రాయలేదు. ఈ ఏడాదిలో పిల్లవాడు బాగా పొడుగయ్యాడు, నిరుటి ప్యాంట్లు ఒక్కటీ సరిపోవడం లేదు. మోకాలి చిప్పకు కాస్త కింద ఎముక బొడిపెలా తేలి, గొంతు కూర్చున్నప్పుడూ, మెట్లు దిగేటప్పుడూ నొప్పి అంటున్నాడు. ఇక్కడ ఒకరు చూసి లిగమెంట్ తెగిందేమోనని భయపెట్టారు.

నెల్లూరు కోచ్ (ఏప్రిల్ 11)

400 పూర్తి బలంతో పరుగెత్తితే 56.8 వచ్చే పిల్లవాడు 800లో మొదటి రౌండును 59లో దాటాడంటే, రెండు సెకన్లు మాత్రమే మిగుల్చుకుని ఇంకో రౌండుకు బయలుదేరాడన్నమాట. ఆ స్థితిలో ఎవరికైనా చివరి 150 మీటర్లలో చేతులు బిగుసుకుంటాయి. అదే శక్తితో 62–63లో మొదటి రౌండు ముగించి ఉంటే ఆ రోజే టైమింగ్ బాగుపడేది. వేగాన్ని అంచనా వేసుకోవడం కూడా ఈ వేసవిలో నేర్పవలసిన విద్యే. 200 మీటర్ల దూరాన్ని గడియారం చూడకుండా ‘34 సెకన్లలో రా’ అని పంపి, వచ్చాక ఎంత పట్టిందో అతన్నే చెప్పమనండి. కొన్ని వారాల్లో ఒక సెకను తేడాతో చెప్పగలుగుతాడు.

ఫిజియోథెరపిస్ట్, హైదరాబాద్ (ఏప్రిల్ 11)

చూడకుండా రోగ నిర్ధారణ చేయడం తగదు కనుక ముందుగా ఎముకల వైద్యుడికి గాని, క్రీడల గాయాలు చూసే ఫిజియోకు గాని చూపించండి. అయితే మీరు వర్ణించిన లక్షణాలు ఎదిగే వయసు క్రీడాకారుల్లో చాలా తరచుగా కనిపించే ఆస్గుడ్–ష్లాటర్ సమస్యకు దగ్గరగా ఉన్నాయి. ఎముకలు వేగంగా పొడవు పెరుగుతున్న దశలో తొడ ముందు కండరం బిగుసుకుని, అది మోకాలి కింద అతుక్కునే చోటును పదేపదే లాగడం వల్ల అక్కడ వాపు, నొప్పి, ఎముక తేలినట్టు కనిపించడం ఉంటాయి. లిగమెంట్ తెగితే సాధారణంగా ఒక నిర్దిష్టమైన దెబ్బ, మెలిక, వెంటనే వాపు ఉంటాయి. ఇలా నెలల తరబడి నెమ్మదిగా రాదు. ఎముకల ఎదుగుదల పూర్తయ్యేసరికి ఆస్గుడ్–ష్లాటర్ చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుంది. అప్పటిదాకా పరుగును పూర్తిగా మానవలసిన అవసరం సాధారణంగా ఉండదు గాని, నొప్పిని బట్టి దూరం తగ్గించుకోవాలి. పరుగులో నొప్పి నామమాత్రంగా ఉండి, మర్నాటి ఉదయానికి మామూలైపోతే పర్వాలేదు. మర్నాడు నడకలో కూడా తెలుస్తుంటే ఆ వారం పని ఎక్కువైందని అర్థం. గొంతు కూర్చుని గెంతే వ్యాయామాలు, బాక్స్ మీదికి దూకడాలు ఈ వేసవికి వద్దు. ఇదే వయసులో మడమ వెనక వచ్చే నొప్పికి కూడా కారణం చాలావరకు ఇటువంటిదే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మోకాలు కాదు, మోకాలికీ చీలమండకూ మధ్య ఉండే ముందు ఎముక. ఆ ఎముక లోపలి అంచు పొడవునా సలుపుతూ, పరుగు వేడెక్కాక తగ్గే నొప్పి ఒక రకం. వేలితో ఒత్తితే ఒకే ఒక్క చోట కలుక్కుమని, ఒంటికాలి మీద గెంతితే ఎక్కువై, రాత్రి పడుకున్నా వదలని నొప్పి మరో రకం. రెండోది ఎముకలో సన్నని పగులు కావచ్చు. అప్పుడు ఒక్క రోజు కూడా పరుగెత్తనివ్వకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మొదట్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు కాబట్టి ఎక్స్‌రే బాగుందని తిరిగి మైదానానికి పంపకూడదు.

ఇంట్లో చేయదగ్గ బలసాధన వారానికి రెండు రోజులు, అరగంట చాలు. మెట్టు అంచున నిలబడి ఒంటికాలి మడమను నిదానంగా ఎత్తి దించడం చాలా ముఖ్యం. మోకాలు తిన్నగా పెట్టి ఒకసారి, కొద్దిగా వంచి ఒకసారి చేయాలి, ఎందుకంటే పిక్కలో రెండు వేరువేరు కండరాలు పనిచేస్తాయి. దించేటప్పుడు మూడు సెకన్లు పట్టాలి. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే వ్యాయామం, పక్కకు ప్లాంక్, గోడ ఆసరాతో ఒంటికాలి మీద నిలబడడం దీనికి కలపండి. బరువులు ఎత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న మాట నిజం కాదు గాని, సరైన పద్ధతి నేర్పే మనిషి దగ్గర లేకపోతే సొంత శరీర బరువే సరిపోతుంది. సిమెంటు రోడ్డు మీద కాకుండా మట్టి దారిలో, గడ్డిలో, చెరువు కట్ట మీద పరుగెత్తించండి. మైదానంలోనే అయితే నెమ్మది పరుగులో ఒక రోజు ఎడమ వైపు, ఒక రోజు కుడి వైపు తిరగమనండి. ఎప్పుడూ ఒకే వంపు తిరిగితే ఒక కాలి మీదే భారం ఎక్కువ పడుతుంది.

విశాఖ శిక్షకురాలు (ఏప్రిల్ 12)

శిక్షణ గురించి పెద్దలు చక్కగా చెప్పారు. ఎండ గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల్లో మే నెలలో 44, 45 డిగ్రీలు నమోదు కావడం మామూలే. సాయంత్రం ఆరు గంటలకు ఎండ తగ్గినట్టు కనిపిస్తుంది గాని నేల నుంచి సెగ వస్తూనే ఉంటుంది. అందుచేత మే నెల మొత్తం సాయంత్రం పరుగు మానేసి, తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఆరుంపావు లోపల ముగించడం మంచిది. శరీరం వేడికి అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. విశ్రాంతి తరువాత మళ్లీ మొదలుపెట్టే మొదటి రెండు వారాల్లో దూరమూ వేగమూ రెండూ తక్కువగా ఉంచడానికి ఇదొక కారణం. మా విశాఖలో ఉష్ణోగ్రత తక్కువే గాని గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఇక్కడ కిలోమీటరుకు ఇంత అని లెక్క పెట్టుకోవడం వేసవిలో అర్థం లేని పని. శ్వాసే కొలమానం.

పిల్లవాడికి ఒళ్లు గగుర్పొడిచినా, తల తిరిగినా, మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని సమాధానం చెప్పినా వెంటనే పరుగు ఆపి నీడలోకి తీసుకెళ్లి, బట్టలు వదులుచేసి, ఒంటి మీద ధారాళంగా చల్లని నీళ్లు పోస్తూ, విసురుతూ, ఆ తరువాత ఆసుపత్రికి తరలించాలి. ముందు చల్లబరచడం, తరువాత తరలించడం. చెమట పడుతూనే ఉంది కదా అని ధైర్యపడకూడదు, పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట పట్టవచ్చు. రోజూ పరుగుకు ముందు ఒక గ్లాసు నీళ్లు, తరువాత ఉప్పు వేసిన మజ్జిగ గాని నిమ్మరసం గాని ఇవ్వండి. ఓఆర్ఎస్ పొట్లాం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే చాలు.

తిండి విషయంలో ప్రొటీన్ డబ్బాలు కొనకండి. రోజుకు రెండు గుడ్లు, పప్పు, పెరుగు, గుప్పెడు వేరుశెనగలు, రాగి జావ, వారంలో నాలుగైదుసార్లు ఆకుకూర ఉంటే ఈ దూరాలకు సరిపోతుంది. పరుగు నుంచి వచ్చిన గంటలోపు ఫలహారం కడుపులో పడాలి. చాలా ఇళ్లలో పిల్లలు ఆరున్నరకు పరుగు ముగించి, టీ తాగి, తొమ్మిదింటిదాకా ఏమీ తినరు. ఆ రెండున్నర గంటల ఖాళీ కోలుకోవడాన్ని చాలా దెబ్బతీస్తుంది.

సాగర్ రన్నర్ (ఏప్రిల్ 13)

పెద్దలు మన్నించాలి. నేను డిగ్రీ విద్యార్థిని, 1500 మీటర్లు పరుగెత్తుతాను. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యుడు పీటర్ స్నెల్ చేత వారానికి నూరు మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు పరుగెత్తించాడనీ, వైటాకెరే కొండల్లో ఆదివారం 22 మైళ్ల పరుగు ఉండేదనీ చదివాను. స్నెల్ 1960 రోమ్‌లో 800, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. అలాంటప్పుడు మనవాళ్లకు 35 కిలోమీటర్లు మరీ తక్కువ కాదా?

విశ్రాంత పీడీ, హనుమకొండ (ఏప్రిల్ 13)

సాగర్ బాబూ, మంచి ప్రశ్న అడిగావు. లిడియార్డ్ దగ్గర మనం నేర్చుకోవలసింది క్రమం: ముందు తీరిగ్గా దూరం, తరువాత కొండలు, ఆ తరువాత ట్రాక్ మీద వేగం, చివర పోటీ. 800 మీటర్ల పరుగువాడికి కూడా దీర్ఘదూరపు పునాది కావాలని లోకానికి చూపించింది ఆయనే. కాని రోమ్‌లో గెలిచేనాటికి స్నెల్‌కు 21 ఏళ్లు, ఎదుగుదల పూర్తయిన బలిష్ఠమైన శరీరం. ఆ 160 కిలోమీటర్లను తెచ్చి ఎముకలు ఇంకా ముదరని పదిహేనేళ్ల పిల్లవాడి మీద పెడితే జులైకి అతను ఫిజియో గారు చెప్పిన రెండో రకం నొప్పితో కూర్చుంటాడు. వారం మొత్తం దూరాన్ని ఏడాదికి ఐదారు కిలోమీటర్ల చొప్పున పెంచుకుంటూ పోతే ఇరవై ఏళ్లకు అతను చేరవలసిన చోటికి చేరతాడు. పదహారేళ్లకే అన్ని మెట్లూ ఎక్కించేసి, పద్దెనిమిదికి పరుగు మానిపించిన శిక్షణలను నా ఉద్యోగ కాలమంతా చూశాను, వాటి మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

నెల్లూరు కోచ్ గారు చెప్పిన స్ట్రైడ్స్, ఏటవాలు పరుగులు చేర్చవలసినవే, అంగీకరిస్తున్నాను. అయితే మే నెలలో 800 వేగంతో 200, 300 మీటర్ల రిపిటీషన్లు, అంటే ఆగి ఆగి మళ్లీ మళ్లీ చేసే పరుగులు, మొదలుపెట్టడానికి మాత్రం ఒప్పుకోను. వాటివల్ల మూడు, నాలుగు వారాల్లోనే టైమింగ్ మెరుగుపడినట్టు కనిపిస్తుంది, అందుకే అందరూ వాటి వెంట పడతారు. కాని ఆ మెరుగు ఆగస్టుదాకా నిలవదు.

2021 సెప్టెంబరులో మా హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తిచేసి, సునీతా రాణి పేరిట 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డును అధిగమించింది. లెక్క వేసి చూడండి, ఒక్కో రౌండుకు సగటున 65 సెకన్ల పైచిలుకు. 400ను 57 లోపు ముగించే మీ అబ్బాయికి 65 సెకన్ల రౌండు ఒక్కటి పెద్ద కష్టం కాదు. ఆ 65ను ఆపకుండా మూడు రౌండ్ల ముప్పావు నిలబెట్టడమే అతనికి ఇంకా లేని సామర్థ్యం. అది మే నెల నెమ్మది పరుగుల్లో, జూన్ నెల ఫార్ట్‌లెక్‌లో, అంటే ఆపకుండా వేగం పెంచుతూ తగ్గిస్తూ చేసే పరుగులో, తయారవుతుంది.

ఫార్ట్‌లెక్ ఎలా చేయించాలో కూడా చెబుతాను. జూన్ మొదటి వారం నుంచి వారానికి ఒక రోజు, పది నిమిషాల నెమ్మది పరుగు తరువాత, ఒక నిమిషం చురుగ్గా, రెండు నిమిషాలు నెమ్మదిగా, ఆరుసార్లు. చురుకు అంటే 3000 మీటర్ల పోటీలో ఉండే వేగం, అంతకు మించి వద్దు. జూన్ చివరికి నెమ్మది భాగం ఒక నిమిషానికి తగ్గించవచ్చు. ఆదివారం మాత్రం తొందర లేకుండా ఏడు, ఎనిమిది కిలోమీటర్ల పరుగు ఉండాలి. అది చెరువు కట్టల మీద, పొలం గట్ల పక్క డొంకదారుల్లో అయితే పిల్లవాడికి విసుగు కూడా రాదు.

నెల్లూరు కోచ్ (ఏప్రిల్ 14)

మాస్టారూ, మీ మాటను గౌరవిస్తూనే ఒక్క సవరణ కోరుతున్నాను. 800 వేగంతో 200లు వద్దంటే వద్దు, కాని 1500 వేగంతో, అంటే ఈ పిల్లవాడికి 36 సెకన్ల చొప్పున, 200 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో 200 మీటర్ల నడకతో, పదిహేను రోజులకు ఒకసారి జూన్‌లో చేయిస్తే నష్టం లేదని నా అనుభవం. అది అలసట కోసం కాదు, లయ మరచిపోకుండా ఉండడానికి.

విశ్రాంత పీడీ, హనుమకొండ (ఏప్రిల్ 14)

జూన్ రెండో పక్షం నుంచి అయితే అభ్యంతరం లేదు. మోకాలి నొప్పి ఉంటే మాత్రం అది కూడా వద్దు.

టెక్సాస్ అమ్మ (ఏప్రిల్ 15)

మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో 800, 1600 పరుగెత్తుతుంది. ఇక్కడి పద్ధతి మీకు పనికిరావచ్చని రాస్తున్నాను. శరదృతువులో 5 కిలోమీటర్ల క్రాస్ కంట్రీ, వసంతంలో ట్రాక్ మీద 800, 1600, 3200 ఉంటాయి. ట్రాక్ సీజను ముగియగానే కోచ్ రెండు వారాలు షూస్ ముట్టుకోవద్దంటారు. ఆ తరువాత వేసవి అంతా జట్టుగా తెల్లవారుజామున కలిసి నెమ్మది పరుగులు. గమనించినదేమంటే, ఆ వేసవి పరుగులను శ్రద్ధగా చేసిన పిల్లలే మరుసటి వసంతంలో 800లో చివరి 200 మీటర్లు నిలబడగలుగుతున్నారు. క్రాస్ కంట్రీ అంటే ముఖం చిట్లించే వేగవంతమైన పిల్లలు మొదటి రౌండులో ముందుండి చివరికి వెనకబడుతున్నారు. మన దగ్గర పాఠశాల స్థాయిలో క్రాస్ కంట్రీకి ఇంత ప్రాధాన్యం లేదు గాని, జాతీయ క్రాస్ కంట్రీ పోటీల్లో బాలబాలికల విభాగాలు ఉన్నాయి కదా, 800 పరుగెత్తే పిల్లలను కూడా వాటికి ప్రోత్సహిస్తే బాగుంటుంది.

ఇక్కడి లోపం కూడా చెప్పాలి. ఒక సీజను వెంట మరొకటి రావడంతో కొందరు తల్లిదండ్రులు ఆ రెండు వారాల విశ్రాంతిని కూడా ప్రైవేటు శిక్షణతో నింపేస్తారు. అలాంటి పిల్లలే ఎక్కువగా గాయపడుతున్నారు.

సిద్దిపేట తల్లి (ఏప్రిల్ 16)

మా పాప తొమ్మిదో తరగతి, గురుకులంలో చదువుతూ 800 పరుగెత్తుతుంది. పై సలహాలన్నీ ఆడపిల్లలకూ వర్తిస్తాయా? కొన్ని నెలలుగా త్వరగా అలసిపోతోంది, నెలసరి కూడా క్రమం తప్పింది. పరుగెత్తే పిల్లలకు అది మామూలేనని ఇక్కడ అంటున్నారు.

విశాఖ శిక్షకురాలు (ఏప్రిల్ 16)

అమ్మా, అది మామూలు కాదు. ఆ మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు. మొదలైన నెలసరి మూడు నెలలు రాకపోయినా, తరచూ క్రమం తప్పుతున్నా, పదిహేనేళ్లు నిండినా మొదలుకాకపోయినా వైద్యురాలికి చూపించాలి. చేస్తున్న శ్రమకు తగినంత తిండి తినకపోతే శరీరం ముందుగా ఆపేసేది దాన్నే. దాని వెనకే ఎముకలు బలహీనపడతాయి. ఇది కేవలం ఆడపిల్లల సమస్య కాదు, తిండి చాలని మగపిల్లల్లో కూడా ఎముకలు, హార్మోన్లు దెబ్బతింటాయి.

అలసట గురించి ముందుగా రక్తపరీక్ష చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూడమని అడగండి, ఎందుకంటే శరీరంలోని ఇనుము నిల్వలు తగ్గిన చాలా కాలానికి గాని హిమోగ్లోబిన్ పడిపోదు. మాత్రలు వైద్యులు చెప్పిన మోతాదులోనే వాడాలి. తోటకూర, మునగాకు, నువ్వులు, పెసలు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవడం, భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ తాగకపోవడం ఈ రెండూ ఇనుము ఒంటికి పట్టడానికి బాగా తోడ్పడతాయి. పాపను నిరుత్సాహపరచకండి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు అంశాలు కలిసిన హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచిన మన అగసర నందిని కూడా తెలంగాణ గురుకులాల నుంచి వచ్చిన అమ్మాయే. హెప్టాథ్లాన్‌లో ఆఖరి పోటీ ఈ 800 మీటర్లే.

ఖమ్మం నాన్న (ఏప్రిల్ 20)

మోకాలిని ఎముకల వైద్యుడికి చూపించాం. ఫిజియో గారు ఊహించినట్టే ఆస్గుడ్–ష్లాటర్ అన్నారు, పరుగు మానవలసిన పని లేదన్నారు. అబ్బాయి ప్రస్తుతం సైకిల్ తొక్కుతున్నాడు. ఇంకో మూడు సందేహాలున్నాయి. మైదానంలో ఒకరు స్టామినాకు ఇంజెక్షన్ వేయిస్తామంటున్నారు, హానికరమేమీ కాదంటున్నారు. జూన్‌లో ఇంటర్‌లో చేర్చాలి, హాస్టల్ ఉన్న కళాశాలలో రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు ఉంటాయట. చివరగా, ఈ శిక్షణ పనిచేస్తోందో లేదో ఎప్పుడు, ఎలా పరీక్షించాలి?

నెల్లూరు కోచ్ (ఏప్రిల్ 20)

ఆ ఇంజెక్షన్ విషయంలో రెండో ఆలోచన వద్దు. పేరు చెప్పని సీసాలో ఏముందో వేసేవాడికే తెలియదు. నిషేధిత పదార్థం ఉంటే నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలో దొరికిన క్రీడాకారుడిదే బాధ్యత అవుతుంది, మైనర్ అయినా విచారణ తప్పదు. అంతకన్నా ముఖ్యం, ఎదిగే పిల్లవాడి గుండె, కాలేయం, ఎముకల ఎదుగుదల పాడవుతాయి. ఆ మనిషి ఉన్న మైదానానికి అబ్బాయిని ఒంటరిగా పంపకండి.

ఫిజియోథెరపిస్ట్, హైదరాబాద్ (ఏప్రిల్ 20)

ఈ వయసు పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు పుస్తకం మూసి ఉదయం ఐదుకు పరుగుకు లేచే పిల్లవాడికి ఆరు గంటలు కూడా దక్కదు. అలాంటి హాస్టల్లో చేర్చక తప్పకపోతే ఉదయం పరుగు మాన్పించి సాయంత్రం గంటసేపు అనుమతి అడగండి. నా వరకు నేనైతే ఇంటి నుంచి వెళ్లి వచ్చే కళాశాలనే, మైదానం ఉన్నదాన్నే ఎంచుకోమంటాను. నిద్ర తక్కువైన పిల్లలకు గాయాలు ఎక్కువవుతాయని నా క్లినిక్‌లో తరచూ చూస్తున్నాను.

విశ్రాంత పీడీ, హనుమకొండ (ఏప్రిల్ 21)

పరీక్ష గురించి నేను చెబుతాను. జులై రెండో వారం దాకా టైమ్ ట్రయల్ పెట్టవద్దు. అప్పటివరకు ఒక చిన్న కొలత చాలు: నెలకు ఒకసారి, చల్లని ఉదయం, అదే కట్ట మీద, అదే మూడు కిలోమీటర్లు, మాట్లాడగలిగే వేగంతోనే పరుగెత్తమనండి. శ్రమ అంతే ఉండి సమయం కొద్దికొద్దిగా తగ్గుతుంటే శిక్షణ పనిచేస్తోందన్నమాట. తగ్గకపోతే నిద్ర, తిండి, ఎండ, ఈ మూడింటిలో ఏది అడ్డుపడుతోందో చూడండి, దూరం పెంచకండి.

జులై రెండో వారంలో రెండు రోజుల తేలికపాటి సాధన తరువాత 800 కాకుండా 600 మీటర్లు పరుగెత్తించండి. మొదటి 400ను 63లో దాటమని ముందే చెప్పండి. 61లో దాటితే కేకవేసి ఆపేసి, మరో రోజు మళ్లీ పెట్టండి. 63లో దాటి, భుజాలు బిగుసుకోకుండా చివరి 200ను 32లో ముగించగలిగితే ఆగస్టులో జరిగే మొదటి పోటీకి అతను సిద్ధమైనట్టే, అప్పటినుంచి 800 వేగంతో చేయవలసిన పని మొదలుపెట్టవచ్చు. ఆ రోజు వచ్చిన అంకెలు ఇక్కడ రాయండి, జులై చివరి రెండు వారాల ప్రణాళిక నెల్లూరు కోచ్ గారూ నేనూ కలిసి వేసి ఇస్తాం.